నా ఒంటి కొలత

ఆ శనివారం మధ్యాహ్నం మా కాలనీ పార్కు పక్క గేటు మధ్యలో ఒక ఇనుప స్తంభం పెట్టించాను. పెట్టిస్తున్నప్పుడు పార్కు లోపల చక్రాల కుర్చీలో ఒక అమ్మాయి ఉంది. నేను చూడలేదని చెప్పుకోవడానికి వీల్లేదు. వెల్డింగ్ మెరుపుల వైపు ఆ పిల్ల రెప్ప వేయకుండా చూస్తుంటే, అటు చూడకమ్మా, కళ్లు పాడవుతాయి అని చెయ్యి ఊపి హెచ్చరించింది నేనే. తను వెంటనే రెండు చేతులతో కళ్లు మూసుకుంది, వేళ్ల సందుల్లోంచి చూసి నవ్వింది. ఆ పిల్ల కళ్ల గురించి ఆలోచించాను. చక్రాల గురించి ఆలోచించలేదు.

మాది అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక, హాస్టళ్ల మధ్య ఇరుక్కున్న చిన్న కాలనీ. పార్కు ఇంకా చిన్నది. రోడ్డు కంటే పల్లంలో ఉంటుంది. పెద్ద గేటులోంచి మెట్లు దిగి వెళ్లాలి. సందు వైపున్న పక్క గేటుకు మాత్రం ఏటవాలు బాట ఉంది. కాళ్లు నడవని పిల్లలు, కళ్లు కనపడని పిల్లలు, మిగతా పిల్లలు అందరూ ఒకేచోట ఆడుకునేలా పార్కును మార్చినప్పుడు వేసిన బాట అది. అప్పుడే నేలంతా మెత్తటి రబ్బరు పరిచారు. కర్రతో కొడితే ఒక్కోటి ఒక్కోలా మోగే గొట్టాలు నిలబెట్టారు. కుర్చీలో కూర్చుని చేతులు పెట్టగలిగేంత ఎత్తులో ఇసుక బల్ల కట్టారు. అన్నిటికన్నా పిల్లలకు ఇష్టమైనది తిరిగే పళ్లెం. నేలకు సమానంగా ఉంటుంది కాబట్టి చక్రాల కుర్చీ నేరుగా దాని మీదికి వెళ్లిపోతుంది. మిగతా పిల్లలు చుట్టూ కమ్మీలు పట్టుకుని తిప్పుతారు.

ఆ అమ్మాయికి పదేళ్లుంటాయి. తల్లిదండ్రులది సిరిసిల్ల. మా సందు చివర టైలరింగ్ షాపు నడుపుకుంటారు. తండ్రి కత్తిరిస్తాడు, తల్లి చీరలకు ఫాల్స్ కుడుతుంది. పళ్లెం మధ్యలో కూర్చుని ఆ పిల్ల అందరికీ కండక్టర్ అయ్యేది. ఎవడైనా తిప్పకుండా ఊరికే ఎక్కితే, "టికెట్ లేదా? దిగు దిగు, గిది నీ అయ్య బస్సు గాదు" అనేది. పిల్లలు నిజంగానే దిగి తిప్పేవాళ్లు.

పార్కు తెరిచిన కొత్తలో వాళ్లమ్మ నాతో ఒక మాట అంది. "బడికాడ ఎత్తుకోవాలె, దవాఖానకాడ ఎత్తుకోవాలె, ఇంటి మెట్లకాడ ఎత్తుకోవాలె. నా బిడ్డను ఎవ్వరు ఎత్తకుంట అదే పోయి అదే వచ్చే జాగ గిదొక్కటే సార్." ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, కాలనీ సంఘం కార్యదర్శిగా రెండు మీటింగుల్లో చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆమె మాటకు పడిన చప్పట్లను నేను నా ఖాతాలో వేసుకున్నాను.

ఇక స్తంభం సంగతి. ఎండాకాలం నుంచి పక్క గేటు బాట మీదుగా మోటార్ సైకిళ్లు లోపలికి రావడం మొదలైంది. కోచింగ్ కుర్రాళ్లు, ఫుడ్ డెలివరీ వాళ్లు వేపచెట్టు కింద రబ్బరు నేల మీద బండ్లు పెట్టి నీడకు కూర్చునేవాళ్లు. నేను బండ్ల ఫోటోలు తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ణి. ఆ వారం సైలెన్సర్ తగిలి ఒక పిల్లవాడి పిక్క కాలింది. వాడి తాత గ్రూపులో నన్ను నిలదీశాడు. కార్యదర్శి ఫోటోగ్రాఫర్‌గా మారాడని ఇంకొకాయన రాశాడు. దానికి నవ్వుతున్న బొమ్మలు చాలా వచ్చాయి. నాకు ఉక్రోషం వచ్చింది. రేపటికల్లా చేయిస్తానని రాసేశాను.

వెల్డర్ గేటు కింద ఉన్న ఇనుప పట్టీ మీద స్తంభం నిలబెట్టి, ఎంత సందు వదలమంటారని అడిగాడు. టేపు కోసం వెతుక్కోలేదు. నేనే వెళ్లి గోడకూ స్తంభానికీ మధ్య నిలబడి, పొట్ట లోపలికి లాక్కుని, పక్కకు తిరిగి దాటాను. "నేను పట్టానంటే కాలనీలో ఎవరైనా పడతారు. ఇక్కడ అతికించేయ్" అన్నాను. అతను నవ్వాడు, నేనూ నవ్వాను. అలా నా ఒంటి కొలతే పార్కు కొలత అయింది. పని అయ్యాక ఫోటో తీసి గ్రూపులో పెట్టి, సమస్య పరిష్కారమైందని రాశాను. బొటనవేళ్లు వరసగా రావడం మొదలయ్యాయి. వాటిని చూసుకుంటూ మా ఆవిడ బీపీ మాత్రల కోసం పంజాగుట్ట వెళ్లాను.

అప్పటికే ఆకాశం రంగు బాగా లేదు. బంజారా హిల్స్ వైపు నల్లగా కాదు, చిలుము పట్టిన రాగి చెంబు రంగులో ఉంది. గాలి లేదు. మందుల షాపులోంచి బయటికి వచ్చేసరికి సాయంత్రం కాకుండానే బండ్లన్నీ లైట్లు వేసుకున్నాయి. మెట్రో రైలు నెత్తి మీద నుంచి వెళ్తుంటే అది రైలు చప్పుడో ఉరుమో తెలియలేదు. నాలుగు పెద్ద చినుకులు పడి ఆగిపోయాయి. ఆ ఆగడం నాకు నచ్చలేదు. తర్వాత ఒక్కసారిగా కుమ్మరించింది. పరుగెత్తి ఫ్లైఓవర్ కింద నిలబడ్డాను. నాలాగా అక్కడ యాభై, అరవై మంది డెలివరీ వాళ్లు బండ్లతో నిలబడి ఉన్నారు. చూస్తుండగానే రోడ్డు మీద నీళ్లు పారడం మొదలైంది. మ్యాన్‌హోల్ మూత ఒకటి గిన్నె మీద మూతలా కదులుతోంది.

అప్పుడు మా ఆవిడ ఫోన్ చేసింది. మాత్రలు దొరికాయని చెప్పబోయాను.

"ఏవండీ, మీరు గ్రూపులో పెట్టిన ఫోటో ఒకసారి చూడండి."

"నేను తీసిందే కదా, ఏంటి చూసేది?"

"స్తంభం కాదు. దాని వెనక చూడండి."

తడి వేళ్లతో ఫోటో పెద్దది చేశాను. స్తంభం పక్కన, దూరంగా, తిరిగే పళ్లెం మీద పసుపు పిడుల కుర్చీ ఉంది. ఆ పిల్ల వీపు కనపడుతోంది.

"ఆ అమ్మాయి బయటికి ఎలా వస్తుంది?" అంది మా ఆవిడ.

"ఎవరో ఒకరు ఎత్తుకుంటారులే" అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది.

"ఎవరు?" అంది ఆమె.

వాళ్ల షాపు నంబరు నా దగ్గర ఉంది. రింగ్ అవుతోంది, ఎవరూ తీయలేదు. ఆటోలు ఆగలేదు. ఫ్లైఓవర్ కింద ఉన్నవాళ్లలో ఒకతను, నలభై దాటినవాడు, రెయిన్ కోటు తొడుక్కుని బండి తీస్తున్నాడు. అమీర్‌పేట వైపేనా అని అడిగాను. కాలనీ పేరు చెప్పి, పార్కు దగ్గర దింపమన్నాను.

"గా పార్కా? నాకెర్కే. ఎక్కు పెద్దాయనా" అన్నాడు. బండి మెట్రో స్తంభాల పక్కనుంచి నీళ్లు కోసుకుంటూ వెళ్తోంది. అతను వానలోనే మాట్లాడుతున్నాడు. "మస్తు నీడ ఉంటదక్కడ. గని ఒక ముసలాయన ఉన్నడు. బండి కనపడితే చాలు, ఫోటో కొడ్తడు. మా బండ్ల ఫోటోలున్నన్ని ఆయన కాడ ఆయన పెండ్లి ఫోటోలు సుత ఉండయి."

నేను అతని భుజం గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆ ముసలాయన్ని నేనేనని చెప్పలేదు. చెబితే దింపేస్తాడేమోనని భయం వేసింది. నాకు ఆ రోజు కలిగిన మొదటి భయం అదే కావడం తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

మా సందులోకి తిరిగేసరికి షట్టర్లన్నీ దించి ఉన్నాయి. నీళ్లు మోకాళ్ల కింది దాకా వచ్చాయి. ఎప్పుడూ పిల్లల అరుపులతో ఉండే పార్కు వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. పక్క గేటుకు కాస్త ఇవతల ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఎప్పుడూ సన్నగా గూఁ మంటుంటుంది. అప్పుడు ఆ మూలుగు లావుగా ఉంది. దాని దిమ్మె చుట్టూ నీళ్లు చేరి, చుట్టుకుని, అక్కణ్ణుంచి ఏటవాలు బాట మీదుగా పార్కులోకి దిగుతున్నాయి.

ఆ పిల్ల గేటులో ఉంది. కుర్చీ ముందు భాగం గేటు బయటికి వచ్చింది. వెనక పెద్ద చక్రాలు గోడకూ స్తంభానికీ మధ్య బిగుసుకుపోయాయి. ముందు చక్రాలు చిన్నవి, దగ్గరగా ఉంటాయి కాబట్టి పట్టాయి. అది చూసి తల్లి గబగబా తోసింది. చినుకులు పడగానే మిగతా పిల్లలు మెట్లెక్కి పరుగెత్తారట. ఆమె షాపు నుంచి పరుగెత్తుకొచ్చి కుర్చీ తిప్పుకుని గేటు దగ్గరికి చేరేసరికి ఎవరూ మిగలలేదు. ఇప్పుడు ఆమె లోపలి వైపు కుర్చీ వెనక ఉంది. ముందుకు రావడానికి ఆమెకు దారి లేదు, దారిలో కుర్చీయే ఉంది. మెట్ల వైపు నుంచి చుట్టు తిరిగి రావాలంటే పిడులు వదలాలి. వదిలితే వాలు మీద నీళ్ల తోపుకు కుర్చీ ఎటు ఒరుగుతుందో తెలియదు. అరిచిందట. వానలో ఆ అరుపు ఎవరికీ వినపడలేదు. భర్త లైనింగ్ బట్ట కోసం బేగంబజార్ వెళ్లాడు.

పిల్ల అరవడం లేదు, ఏడవడం లేదు. పాదాల మీదుగా నీళ్లు పోతుంటే వాటినే చూస్తోంది.

నేను బండి దిగి ఏ మాటా లేకుండా వెళ్లి, ఆ పిల్ల చంకల కింద చేతులు వేసి లాగాను. నడుముకు బెల్టు ఉందని కూడా చూడలేదు. పిల్ల ఒళ్లంతా ఒక్కసారి కట్టెలా బిగుసుకుంది. కాళ్లు రెండూ ముందుకు తన్నుకొచ్చాయి. గొంతులోంచి వచ్చిన శబ్దం మాట కాదు.

"ఆగుండ్రి సార్" అంది తల్లి. గట్టిగా కూడా అనలేదు. "గట్ల గుంజితె నరాలు పట్టేస్తయి. ముట్టేముందు దానికి చెప్పుండ్రి. దానికి చెప్పుండ్రి, నాకు గాదు."

చేతులు తీసేశాను. ఆ నీళ్లలో ఒక మోకాలు ఆనించి, ఆ పిల్ల ముఖానికి ఎదురుగా వచ్చాను. నిన్ను ఎత్తుకోవాలమ్మా, ఎత్తుకోనా అని అడిగాను.

ఆ పిల్ల నన్ను పోల్చుకుంది. "గీ కమ్మీ నువ్వే గదా తాత పెట్టిచ్చింది?"

వెనక బండి మనిషి ఉన్నాడు. అతను వింటున్నాడు.

"నేనే పెట్టించాను" అన్నాను.

"మరి ఎత్తుడెందుకు? నేను నా కుర్చీ బండితోనే పోత."

"పట్టదమ్మా."

"వచ్చినప్పుడు పట్టింది" అంది.

ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు ఒకసారి తగ్గి మళ్లీ పెరిగింది. బండి మనిషి నా భుజం తట్టి, "పెద్దాయనా, లొల్లి తర్వాత. ముందుగాల ఈడికెల్లి జరుగుదం" అన్నాడు. అతని గొంతులోనూ భయం ఉంది.

తల్లి వంగి కూతురి చెవిలో ఏదో చెప్పింది. పిల్ల తనే బెల్టు విప్పుకుంది. తర్వాత నా వైపు చూసి, ఎత్తుకొమ్మని తల ఊపింది. తల్లి చెప్పినట్టే చేశాను. ఒక చెయ్యి మోకాళ్ల కింద, ఒక చెయ్యి వీపు వెనక, మెల్లగా, మడిచిన కాళ్లు మడిచినట్టే ఉండేలా. బండి మనిషి కుర్చీ ఒరగకుండా పట్టుకున్నాడు. పిల్ల నా ఛాతీకి ఆనింది. నేను అనుకున్నదానికన్నా బరువుంది. పదేళ్ల పిల్ల, బరువుండదా? ఎవరో ఒకరు ఎత్తుకుంటారులే అన్న నా మాట బరువు అప్పుడు నా రెండు చేతులకూ తెలిసింది.

నాలుగడుగులు వేశానో లేదో, వెనక ధన్‌మని పేలింది. సందంతా ఒక్క క్షణం నీలంగా వెలిగి చీకటైపోయింది. నేను కదలలేదు. నీళ్లలో కాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఏ అడుగులో ఏముందో తెలియలేదు. పిల్ల నా చొక్కా కాలరు పట్టుకుంది. "తాత, నడువు" అంది. నడిచాను. ఎదురుగా ఉన్న హాస్టల్ అరుగు మీద కూర్చోబెట్టాను. తల్లి మెట్ల గేటు నుంచి చుట్టు తిరిగి పరుగెత్తుకొచ్చి కూతుర్ని తడిమి తడిమి చూసుకుంది. బండి మనిషి గోడకు కాలు తన్నిపెట్టి కుర్చీని ఒక్క గుంజు గుంజాడు. కుర్చీ వచ్చింది. ఒక చక్రం వంగిపోయింది, ముందున్న చిన్న చక్రం విరిగి నీళ్లలో పడిపోయింది.

అతను వెళ్లేముందు నాతో ఒకటే మాట అన్నాడు. "మమ్మల్ని ఆపనీకె పెట్టినవ్. మేము ఇంకో చెట్టు చూసుకుంటుంటిమి."

వాన తగ్గాక పిల్లను వాళ్లింటి దాకా తల్లి, నేను కలిసి మోసుకెళ్లాం. మెట్ల దగ్గర పట్టుకోబోయే ముందు, ఈసారి అడిగాను. పిల్ల తల అడ్డంగా ఊపింది. తల్లి ఒక్కతే ఎత్తుకుని పైకి వెళ్లింది. నేను కింద నిలబడి ఆమె ఒక్కో మెట్టుకూ ఆగి ఊపిరి తీసుకోవడం విన్నాను.

ఇంటికి వెళ్లగానే గ్రూపులో ఆ ఫోటో తీసేయబోయాను. మా ఆవిడ ఆపింది. "ఉంచండి. దాని కిందే రాయండి" అంది. జరిగింది జరిగినట్టు రాశాను. పిల్ల లోపల ఉండగా పెట్టించానని, చూసి కూడా పెట్టించానని రాశాను. ఎవరూ బొటనవేలు పెట్టలేదు. పిక్క కాలిన పిల్లవాడి తాత మాత్రం, మరి బండ్ల సంగతేంటని అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే. రోజూ సాయంత్రం గేటు దగ్గర నేనే కూర్చుంటానని రాశాను.

మర్నాడు వెల్డర్‌ను పిలిపించి స్తంభం కోయించాను. ఆ తర్వాత టైలరింగ్ షాపుకు వెళ్లాను. తండ్రి కుట్టుమిషన్ మీద నుంచి తలెత్తలేదు. ఆయనతో నేను ఏం చెప్పానో ఇక్కడ రాయను, చెప్పినవన్నీ చిన్న మాటలే. కుర్చీ బాగు చేయించి తెస్తానన్నాను. పిల్ల లోపల చాప మీద కూర్చుని గుడ్డముక్కలు రంగుల వారీగా వేరు చేస్తోంది. పార్కుకు వస్తావా అని అడగడానికి నోరు రాలేదు. తనే అడిగింది.

"కమ్మీ తీసినవా?"

"తీసేశానమ్మా."

"బండి బాగైనంక నువ్వు కూసోని గేట్లకెల్లి రా. పడితె అప్పుడు చెప్పు."

పంజాగుట్టలో ఆసుపత్రి సామాన్లు అమ్మే షాపు దగ్గర కుర్చీ బాగుచేయించాను. పిల్లల కుర్చీ కాబట్టి నా ఒళ్లు అందులో సగమే పట్టింది. ఆ సాయంత్రం పార్కులో అందరూ చూస్తుండగా అందులో ఇరుక్కుని కూర్చుని, చేతులతో చక్రాలు తిప్పుకుంటూ బాట ఎక్కాను. కుర్రాళ్లు నవ్వారు. నవ్వనిచ్చాను. గేటు దగ్గర ముందు చక్రాలు టక్కున ఆగిపోయాయి, నేను ముందుకు తూలాను. దిగి చూస్తే, స్తంభం కోసిన చోట ఇనుప పట్టీ మీద వేలు మందాన మొండి ముక్క మిగిలి ఉంది. నడిచే కాలికి అది తెలియనే తెలియదు. పొద్దున్నుంచి నేను దాని మీదుగా ఎన్నిసార్లు తిరిగానో.

ఇంటి నుంచి ఆకురాయి తెచ్చుకుని అక్కడే నేల మీద కూర్చుని అరగదీయడం మొదలుపెట్టాను. వెల్డర్‌ను మళ్లీ పిలవచ్చు, మిషన్‌తో నిమిషం పని. పిలవలేదు. రెండు బండ్లు వచ్చి గేటు ముందు ఆగాయి. నన్ను చూసి, ఏమీ అనకుండా వెనక్కి తిప్పుకున్నాయి. కాసేపు అరగదీసి, అరచేత్తో తడిమి, గీసుకుంటే మళ్లీ అరగదీశాను. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పాతదానిలాగే గూఁ మంటోంది. పడమర మళ్లీ రాగి రంగు ఎక్కుతోంది.

అరచేతికి ఏమీ తగలకుండా పోయాక మళ్లీ కుర్చీలో కూర్చున్నాను. ఈసారి చక్రాలు ఆగలేదు. ఒకసారి వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లాను. ఆ తర్వాత కుర్చీ తోసుకుంటూ షాపుకు వెళ్లి, పడుతోందని చెప్పాను. మొదటిసారి పట్టలేదని, ఎందుకు పట్టలేదో కూడా చెప్పాను. పిల్ల కుర్చీ చక్రాన్ని వేలితో తిప్పి చూసుకుంది. వస్తానని అనలేదు, రానని అనలేదు. నేను పార్కుకు తిరిగి వచ్చి, కాపలాకు వేసుకున్న ప్లాస్టిక్ కుర్చీని గేటుకు అడ్డం కాకుండా గోడ వైపుకు జరిపి కూర్చున్నాను.